పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పాఠాలు మాని విమానమెక్కిన ఫాస్ట్ బౌలర్

ప్రశ్న: పాత క్రికెట్ రికార్డులు తిరగేస్తుంటే ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ కెన్ ఫార్నెస్ పేరు తగిలింది. బడిపంతులుగా ఉన్న ఆయన రెండో ప్రపంచయుద్ధంలో వైమానిక దళంలో చేరి, శిక్షణలోనే మరణించాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. కెనడా వెళ్లి పైలట్‌గా అర్హత పొంది వచ్చిన మనిషి ఇంకా ఏ శిక్షణలో ఉన్నట్టు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ మనిషి గురించి కొంత చెప్పాలి. 1911లో పుట్టిన ఫార్నెస్ కేంబ్రిడ్జిలో చదివి, వర్క్‌సాప్ కాలేజీ అనే పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆరడుగుల అయిదు అంగుళాల ఎత్తు నుంచి ఆయన వేసే బంతి మామూలు పిచ్ మీద కూడా బ్యాట్స్‌మన్ ఛాతీ దాకా లేచేది. 1934లో ట్రెంట్‌బ్రిడ్జిలో ఆస్ట్రేలియా మీద ఆడిన తొలి టెస్టులోనే పది వికెట్లు పడగొట్టారు, అయినా ఆ మ్యాచ్ ఇంగ్లండ్ ఓడిపోయింది. మొత్తం 15 టెస్టుల్లో 60 వికెట్లు తీశారు. బడి పని వల్ల ఎసెక్స్ జట్టుకు సీజను పొడవునా ఆడే వీలు ఆయనకు దొరికేది కాదు. వేసవి సెలవులు ఇచ్చాకనే బంతి పట్టుకున్న సంవత్సరాలున్నాయి. అంత తక్కువ ఆడి అంత సాధించినవారు అరుదని నా అభిప్రాయం.

ఇక మీరడిగిన అసలు సంగతి. కెనడాలో ఇచ్చే రెక్కల బ్యాడ్జీ విమానం నడపడం వచ్చునని చెప్పే గుర్తింపు మాత్రమే. దాన్ని తొడుక్కున్నవాడు ఇంకా యుద్ధానికి పనికివచ్చే పైలట్ కాడు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు 1939 డిసెంబరు 17న కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం కెనడా అంతటా శిక్షణ కేంద్రాలు వెలిశాయి. శత్రు విమానాలు అంతదూరం రాలేవు, నేల విశాలం, ఆకాశం ఖాళీ. టైగర్ మాత్ వంటి చిన్న విమానంతో మొదలుపెట్టి, హార్వర్డ్ అనే పెద్ద శిక్షణ విమానం లేదా రెండింజన్ల ఆన్సన్ దాకా తీసుకువెళ్లే ఆ పథకంలో యుద్ధం ముగిసేలోగా లక్షా ముప్పై ఒక్క వేల మందికి పైగా పైలట్లు, నావిగేటర్లు, గన్నర్లు తయారయ్యారు.

అలా తయారైన బాంబర్ పైలట్ ఇంగ్లండ్ చేరాక ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్ అనే మరో మెట్టు ఎక్కాలి. ఫార్నెస్ చేరిన యూనిట్ చిప్పింగ్ వార్డెన్‌లో ఉండేది, అక్కడి విమానం వెల్లింగ్టన్ బాంబర్. అది హార్వర్డ్ కంటే ఎన్నో రెట్లు బరువైనది; పైగా ఇటువంటి యూనిట్లకు దక్కేవి చాలావరకు యుద్ధరంగంలో అరిగిపోయి వచ్చిన పాత యంత్రాలు. అన్నిటికీ మించి, అక్కడ నేర్చుకోవలసింది రాత్రి ప్రయాణం. కెనడాలో రాత్రిపూట ఎగిరేవాడికి కింద ఊళ్ల దీపాలు వరుసగా కనిపించేవి. ఇంగ్లండ్‌లో బ్లాకవుట్ (శత్రు విమానాలకు కనిపించకుండా దీపాలన్నీ ఆర్పేయడం) వల్ల దేశమంతా కారుచీకటి. రన్‌వే పక్కన మినుకుమినుకుమనే దీపాల వరుస దాటిన మరుక్షణం కిటికీలోంచి ఏమీ కనిపించదు, నేల ఏదో ఆకాశం ఏదో తెలియదు. వేగం పుంజుకునే విమానంలో కూర్చున్నవాడికి ముక్కు అవసరానికి మించి పైకి లేస్తున్నట్టు లోపలి చెవి తప్పుడు కబురు చెబుతుంది. దాన్ని నమ్మి కడ్డీని ముందుకు నెడితే విమానం నేలలోకి దూసుకుపోతుంది. శరీరం చెప్పేదాన్ని పక్కనపెట్టి ఎదుటనున్న మీటర్ల ముళ్లనే నమ్మడం అలవాటు కావాలంటే గంటల కొద్దీ సాధన ఉండాలి, యుద్ధకాలంలో అందరికీ తక్కువ పడింది ఆ గంటలే.

1941 అక్టోబరు 20న, పక్కన శిక్షకుడు లేకుండా చేసిన తొలి రాత్రి ప్రయాణంలోనే ఫార్నెస్ విమానం కూలింది. అప్పటికి ఆయన కెనడా నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. వయసు ముప్పై. సమాధి బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానంలో ఉంది. విదేశాల్లో నేర్చుకుని వచ్చినవారికి బ్రిటన్ వాతావరణం, చీకటి అలవాటు చేయడానికి ప్రత్యేక యూనిట్లు 1942లో మొదలయ్యాయి; ఆ ఆలోచన ఒక్క ఏడాది ముందే రావలసింది.

యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళపు బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్ కోల్పోయిన 55,573 మందిలో ఇలా శిక్షణలోనే పోయినవారు వేలల్లో ఉన్నారు. కాబట్టి ‘శిక్షణలోనే మరణించాడు’ అన్న మాటను చిన్నచూపుతో వాడకూడదు.

ప్రశ్న: శిక్షణ కోసం విదేశాలకు వెళ్లి అక్కడే మరణించినవారి దేహాలను ఇంటికి పంపేవారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పంపేవారు కాదు. విదేశంలో మరణించిన సైనికుణ్ణి అక్కడే ఖననం చేయాలన్న నియమాన్ని బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధం నుంచీ పాటించింది. హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే కొలత రాయి పెట్టడం కూడా అప్పటి పద్ధతే. జర్మనీ మీద బాంబులు వేసి పోయినవాడికీ, నేర్చుకుంటూ పోయినవాడికీ దానిలో తేడా లేదు.

అందుకే అమెరికాలో చిత్రమైన చోట్ల బ్రిటిష్ సమాధులు కనిపిస్తాయి. 1941లో అమెరికా ఇంకా తటస్థ దేశం కనుక, అక్కడ విమాన శిక్షణకు వెళ్లే బ్రిటిష్ క్యాడెట్లు యూనిఫాం విడిచి బూడిదరంగు సూట్లు తొడుక్కుని కెనడా మీదుగా సరిహద్దు దాటేవారు. వారిలో తిరిగి వెళ్లనివారు అలబామాలోని మాంట్‌గోమరీలో 78 మంది, ఫ్లోరిడాలోని ఆర్కేడియాలో 23 మంది, టెక్సస్‌లోని టెరెల్‌లో 20 మంది ఉన్నారు. ఆర్కేడియా వాసులు ఏటా మే నెలలో, తమ అమరవీరులను స్మరించుకునే రోజున, ఆ సమాధుల దగ్గర కూడి నివాళి అర్పిస్తారు. సరస్సుల్లోనో సముద్రంలోనో పడి దేహం దొరకనివారి పేర్లు కెనడా రాజధాని ఒట్టావాలోని స్మారకం మీద చెక్కి ఉన్నాయి.

ప్రశ్న: ఆ రోజుల్లో మన ప్రాంతంలో ఇటువంటి శిక్షణ జరిగిందా?
– ఒక విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: జరిగింది, మీ ఊరి పక్కనే. బేగంపేట విమానాశ్రయంలో భారత వైమానిక దళ క్యాడెట్లకు టైగర్ మాత్‌ల మీద తొలి పాఠాలు చెప్పే ప్రాథమిక కేంద్రం నడిచింది. అక్కడ నెగ్గినవారు పై శిక్షణకు అంబాలా వెళ్లేవారు.