బ్లూస్ రేడియో పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

అచ్చంగా బ్లూస్ పాటలకే, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాత సంగీతానికే, ఇంటర్నెట్ రేడియో పెడుతున్నానని రాశావు. సర్వర్ గురించి నాలుగు ప్రశ్నలు అడిగావు గానీ పాటల గురించి ఒక్కటీ అడగలేదు. సర్వర్ పని రెండు రోజుల్లో తేలిపోతుంది. నెలల తరబడి కూర్చోబెట్టేది పాటల ఫైళ్లే, అందుకని ముందు వాటి సంగతి రాస్తున్నాను.

పాత బ్లూస్‌లో పేర్ల చిక్కు ఇంతా అంతా కాదు. సన్నీ బాయ్ విలియమ్సన్ అనే పేరుతో ఇద్దరు మౌతార్గాన్ కళాకారులున్నారు. మొదటాయన జాన్ లీ, 1948లో పోయాడు. రెండో ఆయన అసలు పేరు అలెక్ మిల్లర్, రైస్ మిల్లర్ అనేవాళ్లు. 1941లో ఆర్కాన్సా రాష్ట్రంలోని హెలెనాలో మొదలైన ‘కింగ్ బిస్కెట్ టైమ్’ రేడియో కార్యక్రమంలో వాయించింది ఈయనే. ఇద్దరినీ ఒకే పేరు కింద పెడితే, పాటల్ని ఎంచి వేసే సాఫ్ట్‌వేర్‌కి ఇద్దరూ ఒకటే. పేరు పక్కన 1, 2 అని తప్పకుండా వెయ్యి. గిటారు వాయిస్తూ పాడే రాబర్ట్ జాన్సన్ 1936లో శాన్ ఆంటోనియోలోనూ 1937లో డల్లాస్‌లోనూ పాడినవి మొత్తం 29 పాటలు, వాటిలో కొన్నింటికి రెండేసి టేకులున్నాయి, అంటే అదే పాటని రెండుసార్లు రికార్డు చేశారు. టైటిల్‌లో ‘టేక్ 2’ అని ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త పాట అనుకుని గంట తిరక్కుండానే మళ్లీ వేస్తుంది. టేకు సంఖ్యని ఫైలు ట్యాగుల్లో (ఫైలు లోపల పాట వివరాలు రాసే గడుల్లో) కామెంట్ గడిలోకి మార్చు. సంవత్సరం గడిలో సీడీ వచ్చిన ఏడు కాదు, పాట రికార్డయిన ఏడు ఉండాలి.

ఇక శబ్దం. గరగరలాడే 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత రికార్డు పక్కనే షికాగో ఎలక్ట్రిక్ గిటార్ పడితే వినేవాళ్లు వాల్యూమ్ కోసం పరిగెత్తాలి. అన్ని పాటల్నీ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకి తెచ్చి, పీక్, అంటే శబ్దం చేరే అత్యధిక స్థాయి, మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడు. పాత రికార్డుల్లో ఒక తిరకాసుంది. గీత పడిన చోట వచ్చే ‘టక్’ శబ్దమే పీక్‌ని ఆక్రమిస్తుంది కాబట్టి, దాన్ని వదిలేసి పెంచితే పాట పెరగదు. ముందు టక్కులు తీసెయ్యి, తర్వాత కొలువు. స్టీరియో ముల్లుతో తీసిన 78 అయితే రెండు ఛానెళ్లనీ కలిపి మోనో చెయ్యి, గరగర చాలావరకు అక్కడే తగ్గుతుంది. అంతకుమించి శుభ్రం చెయ్యాలని మాత్రం చూడకు. నాయిస్ తగ్గించే ఫిల్టర్‌ని గట్టిగా తిప్పితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది, తీగ మీద వేలు పడిన పదును పోతుంది. నా లెక్కలో కొంచెం గరగరే నయం.

గరగరకి ఇంకో ఖర్చుంది. పాటని కుదించి పంపే ఎన్‌కోడర్ దృష్టిలో అదీ సంగీతమే, బిట్లన్నీ దానికే పోస్తుంది. అందుకే 64 కేబీపీఎస్‌లో (సెకనుకి 64 కిలోబిట్లు) కొత్త పాట బాగానే ఉన్నా పాత పాట నీళ్లు పోసినట్టుంటుంది. 128 కంటే దిగకు. దాచుకునే ఫైళ్లు నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌లోనే ఉండనీ. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే నాణ్యత ఇంకా పోతుంది.

పాటల వరస మీద శ్రద్ధ పెట్టకపోతే ఈ సంగీతం త్వరగా విసుగు పుట్టిస్తుంది. ఎక్కువ పాటలది అదే పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల) చట్రం. ఒకే శ్రుతిలో మూడు నిదానపు పాటలు వరసగా పడితే అంతా ఒకే పొడుగు పాటలా వినిపిస్తుంది. ఒంటి గిటారు డెల్టా (మిసిసిపీ ప్రాంతపు) పాట తర్వాత పియానో మీది హుషారైన బూగీ, ఆపైన బ్యాండు పాట, ఇలా మార్చు. ఒక పాట చివర మీదకి ఇంకో పాట మొదలు ఎక్కించే క్రాస్‌ఫేడ్ తీసెయ్యి. పది అంగుళాల 78లో ఒక వైపుకి పట్టేది మూడు నిమిషాలే, చాలా పాటలు చటుక్కున ఆగుతాయి. మీదకి మరో పాట ఎక్కిస్తే ఆఖరి స్వరం పోతుంది.

‘పాతవి కదా, ఉచితమే’ అనుకునేవాళ్లు చాలామంది. అమెరికాలో 1923కి ముందటి రికార్డింగులు 2022 జనవరి 1న స్వేచ్ఛగా వాడుకునేవయ్యాయి, గాయని మామీ స్మిత్ 1920 బ్లూస్ రికార్డు సహా. ఆ తర్వాతవి కొద్దికొద్దిగానే విడుదలవుతున్నాయి, డెల్టా పాటల్లో ఎక్కువ భాగానికి ఇంకా హక్కులున్నాయి. అక్కడి చట్టబద్ధ లైసెన్స్ (హక్కుదారుల్ని విడివిడిగా అడగకుండా చట్టమే ఇచ్చే అనుమతి) కింద నడిపితే మూడు గంటల్లో ఒక కళాకారుడివి నాలుగు పాటలే వెయ్యాలి, అందులోనూ మూడుకు మించి వరసగా కాదు. ఒకే ఆల్బమ్ నుంచి మూడు, వరసగా రెండు. వెయ్యబోయే పాటల జాబితా ముందే ప్రకటించకూడదు. రికార్డింగు హక్కు వేరు, పాట రచన హక్కు వేరు, రెండింటికీ కట్టాలి. నువ్వు ఉన్న దేశం నిబంధనలు విడిగా చూసుకో.

ఇప్పుడు సర్వర్. ఇంటి నుంచి ఒక్క స్ట్రీమ్ పంపు, శ్రోతలందరికీ అద్దె సర్వర్ మీది ఐస్‌కాస్ట్ అనే ప్రోగ్రాము పంచుతుంది. 128 కేబీపీఎస్‌లో ఒక శ్రోతకి గంటకి 57.6 ఎంబీ పడుతుంది. వందమంది రోజంతా వింటే 138 జీబీ దాకా. డేటా పరిమితి ఉన్న ప్లాన్ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకో. అందరూ తప్పేది ఫాల్‌బ్యాక్ దగ్గర, అంటే అసలుది ఆగితే బదులు వెళ్లే స్ట్రీమ్ దగ్గర. నీ కనెక్షన్ తెగితేనే ఐస్‌కాస్ట్ ఫాల్‌బ్యాక్‌కి మారుతుంది. కనెక్షన్ ఉండి నిశ్శబ్దం వెళుతుంటే దానికి అంతా సవ్యమే. నిశ్శబ్దాన్ని పట్టుకునే పని, పాటల్ని స్ట్రీమ్‌గా తయారుచేసి పంపే లిక్విడ్‌సోప్ ప్రోగ్రాముకి అప్పగించి, 15 సెకన్లు దాటితే పాట మార్చమను. ఫాల్‌బ్యాక్ స్ట్రీమ్‌కి కూడా అదే కోడెక్ (ఎంపీ3 లాంటి కుదింపు పద్ధతి), అదే శాంప్లింగ్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్నది) ఉండాలి, లేకపోతే చాలా ప్లేయర్లు ఆగిపోతాయి. పాట పేరు తెలుగులో చూపించాలంటే ఐస్‌కాస్ట్‌లో నీ స్ట్రీమ్ చిరునామాకి ఉండే మౌంట్ సెట్టింగుల్లో క్యారెక్టర్ సెట్‌ని (అక్షరాల కోడుని) యూటీఎఫ్-8 చెయ్యి, ఎంపీ3 స్ట్రీమ్‌కి మామూలుగా ఉండేది వేరొకటి, అక్షరాలు చెత్తగా కనిపిస్తాయి. సైట్ హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత చిరునామా)లో ఉంటే స్ట్రీమ్ కూడా అందులోనే ఉండాలి.

మైకులో పాట అయ్యాకే పేరు చెప్పు. ఎవరు, ఏ ఏడు, ఎక్కడ రికార్డయింది, అర నిమిషంలో ముగించు.

ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు నడిపి, ఫోన్ డేటా మీద విను. ముందు ట్యాగుల జాబితా పంపు, పేర్లు చూసి పెడతాను.

ఇట్లు,
మీ మామయ్య