టీ-స్కోరు మైనస్ 1.9 మాత్రమే, అయినా ఎముకలకు ఇంజెక్షన్ అవసరమా?

ప్రశ్న: మా అమ్మ వయసు 66 ఏళ్లు. పదమూడేళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలల కిందట బాత్రూమ్ దగ్గర జారి, చేయి ఆనించడంతో మణికట్టు విరిగింది. తర్వాత చేయించిన డెక్సా (ఎముక సాంద్రత కొలిచే) పరీక్షలో టీ-స్కోరు నడుము వెన్నుపూసల్లో మైనస్ 0.8, తుంటి ఎముక మెడ భాగంలో మైనస్ 1.9 వచ్చింది. రిపోర్టులో ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అని లేదు, ఆస్టియోపీనియా (సాంద్రత కొంత తగ్గడం) అని ఉంది. అయినా డాక్టర్ ఎముకల అరుగుదలను తగ్గించడానికి ఏడాదికోసారి చేసే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ చేయించమంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ డాక్టర్ ఆలోచన సరైనదే అనిపిస్తోంది. టీ-స్కోరు అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె. అది మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపొరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఒక గీత గీసింది. కానీ ఎముకలు విరిగినవారిలో చాలామంది స్కోరు ఆ గీతకు పైనే ఉంటుంది. నిలబడిన ఎత్తు నుంచి పడినంత మాత్రాన మణికట్టు విరిగిందంటే, స్కోరు ఆస్టియోపీనియా పరిధిలో ఉన్నా, దాన్ని ఆస్టియోపొరోసిస్‌గానే పరిగణించాలని చాలామంది నిపుణుల అభిప్రాయం. పైగా ఒకసారి విరిగాక మరో ఎముక విరిగే ముప్పు మొదటి రెండేళ్లలోనే ఎక్కువ.

డెక్సా కొలిచేది ఎముకలోని ఖనిజం ఎంత అన్నది మాత్రమే. అది లోపల ఎలా అల్లుకుని ఉందో చెప్పదు. ఒకే బరువు నులకతో అల్లిన రెండు మంచాలను తీసుకోండి. ఒకదాని అల్లిక బిగువుగా ఉండి, రెండోదానిలో అక్కడక్కడా తెగి ఉంటే, తూకం ఒకటే అయినా రెండోది మనిషి బరువును ఆపలేదు. షుగర్ ఉన్నవారిలో జరిగేది కొంత ఇలాంటిదే. ఏళ్ల తరబడి రక్తంలో ఎక్కువగా ఉన్న చక్కెర ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని దాన్ని పెళుసుగా మారుస్తుంది కాబట్టి, సాంద్రత బాగానే కనిపిస్తున్నా ఎముక తేలిగ్గా విరుగుతుంది. పాదాల తిమ్మిరి, చూపు మందగించడం, షుగర్ ఒక్కసారిగా పడిపోవడం వల్ల తూలిపడే అవకాశం దీనికి తోడవుతుంది. ఆమె పయోగ్లిటజోన్ మాత్ర వాడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. అది మహిళల్లో ఎముకలు విరిగే ముప్పును పెంచుతుంది.

నడుము స్కోరు మైనస్ 0.8 చూసి ధైర్యపడకండి. ఈ వయసులో వెన్నుపూసల అంచుల్లో పెరిగే ఎముక ముళ్లు, రక్తనాళంలో పేరుకున్న కాల్షియం కూడా లెక్కలో కలిసి స్కోరును పెంచేస్తాయి. రిపోర్టులో ఎల్1 నుంచి ఎల్4 దాకా నాలుగు పూసలకూ విడివిడిగా అంకెలుంటాయి. వాటిలో ఏదైనా పక్కదానికంటే ఒక పాయింటుకు మించి తేడాగా ఉంటే దాన్ని వదిలేసి మళ్లీ లెక్కించమని అడగండి. అదే స్కాన్ చిత్రం నుంచి, మళ్లీ ఎక్స్‌రే కిరణాలు తగలకుండా, లోపలి అల్లికను అంచనా వేసే ట్రాబెక్యులర్ బోన్ స్కోర్ అనే లెక్క కూడా ఉంది. షుగర్ ఉన్నవారిలో ఇది ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది, కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ అన్ని సెంటర్లలోనూ ఉండదు.

రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని శాతంలో చెప్పే ఫ్రాక్స్ లెక్కను షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో తెచ్చింది. వయసు, బరువు, పాత ఫ్రాక్చర్, తల్లిదండ్రుల్లో తుంటి విరగడం, స్టెరాయిడ్ల వాడకం వంటివి అందులో అడుగుతారు. టైప్-2 షుగర్‌కు మాత్రం అందులో గడి లేదు. అందుకే కొందరు నిపుణులు దానికి బదులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ గడిలో టిక్ పెట్టి లెక్కిస్తారు. కీళ్లనొప్పులకని ఊళ్లో ఎవరైనా ఇచ్చిన పొడులు, మాత్రలు ఆమె నెలల తరబడి వాడి ఉంటే అదీ చెప్పండి, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు.

అమ్మగారిని గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలవండి. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లు కొందరు “పాత లంగాలు నేలకు రాస్తున్నాయి డాక్టర్‌గారూ” అంటారు. వయసులో ఉన్నప్పటికంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, వీపు వంగినా, నొప్పి లేకపోయినా సరే, వెన్నుకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించాలి. పూస నొక్కుకుపోయి ఉన్నట్లు తేలితే చికిత్స గురించి సందేహమే ఉండదు.

ఇంజెక్షన్‌కు ముందు కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. కిడ్నీల వడపోత నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉంటే ఈ మందు ఇవ్వకూడదు, షుగర్ ఉన్నవారిలో ఇది తప్పనిసరిగా చూడాలి. పళ్లు పీకించాల్సినవి ఉంటే ముందే ఆ పని పూర్తిచేయండి. మొదటి డోసు తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, కంగారు పడవద్దు.