ఆయిల్ ఇంట్లోనే మార్చుకుంటే మిగిలేదెంత?

ప్రశ్న: మాది విజయవాడ. జీతం రూ.42,000, ఇంటి ఖర్చులు రూ.34,000. ఏడేళ్ల పెట్రోలు కారు ఉంది, 1197 సీసీ. మొన్న కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రూ.9,400 బిల్లయింది, కార్డు మీద కట్టాను. కార్డు బాకీ రూ.38,000కి చేరింది, నెలనెలా మినిమమ్ డ్యూ కడుతున్నాను. ఇకపై వీడియోలు చూసి నేనే సర్వీస్ చేసుకుందామని జాకీ, పానాల సెట్టు రూ.14,000కి యాప్ లోన్‌తో కొనాలనుకుంటున్నాను. బండి పెద్దగా తీయడం లేదని రెండు నెలల కిందట అయిపోయిన ఇన్సూరెన్సు కట్టలేదు. బ్యాంకులో రూ.6,000 ఉన్నాయి. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: మీ ప్రశ్న మెకానిక్ గురించి. నా కన్ను మాత్రం చివర్లో ఇన్సూరెన్సు, బ్యాంకు డబ్బు గురించి రాసిన రెండు వాక్యాల మీదే పడింది. వందల రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడి, వేలు పోయేచోట చూడకుండా వదిలేసేవాళ్లు నాకు తరచూ రాస్తుంటారు. అందుకే మీకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ముందు సర్వీస్ సంగతి. మీరు పంపిన బిల్లులో ఆయిల్, ఫిల్టర్లకు పడింది రూ.3,300. లేబరు, పన్ను రూ.2,200. మిగతా రూ.3,900 డీకార్బనైజింగ్ (ఇంజన్‌లో పేరుకున్న మసి తీయడం), ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, ఇంటీరియర్ క్లీనింగ్‌లకు పోయింది. చేయబోయే పనులు రాసే జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు ‘ఇవి వద్దు’ అంటే ఆ డబ్బు అక్కడే మిగిలేది. పైగా ఆటోనగర్‌ను పక్కనే పెట్టుకుని పానాలు కొనడమేమిటండీ? ఆయిల్, ఫిల్టర్ మీరే కొని తీసుకెళ్తే తెలిసిన మెకానిక్ ఏడెనిమిది వందలకు పని చేసిపెడతాడు. అంటే సొంతంగా చేసుకుంటే మీకు మిగిలేది ఏడాదికి ఆ ఎనిమిది వందలే. రూ.14,000 సామాను ఖర్చు తిరిగి రావడానికి పదిహేడేళ్లకు పైనే పడుతుంది. మీ బండి ఆర్సీకి ఉన్నవి ఇంకో ఎనిమిదేళ్లు.

ఎయిర్ ఫిల్టరు, గ్లవ్ బాక్సు వెనక ఉండే ఏసీ ఫిల్టరు, వైపర్లు మీరే మార్చుకోండి. వాటికి పెద్ద సామానేమీ అక్కర్లేదు. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరకండి, బ్రేకుల జోలికి వెళ్లకండి. నేనూ ఒకసారి ఉత్సాహపడి డ్రెయిన్ బోల్టు అతిగా బిగించి మరలు పోగొట్టాను. ఆయిల్ చాంబర్ మార్పించడానికి పెట్టిన డబ్బుతో నాలుగు సర్వీసులు అయ్యేవి.

ఇక అసలు విషయం. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే, రూ.38,000 మీద రూ.1,330, దాని మీద జీఎస్టీ రూ.239. మీరు మినిమమ్ డ్యూ కింద కట్టే సుమారు రూ.1,900లో అసలుకు చేరేది మూడొందల చిల్లరే. బాకీ అలా ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. దీని మీద ఇంకో యాప్ లోనా? అదీ పానాలకా? ఆ మాట నాకు మళ్లీ రాయకండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి కార్డు బాకీ తీర్చేయవచ్చు. ఆ వడ్డీ దీంట్లో మూడో వంతు కూడా ఉండదు.

ఇన్సూరెన్సు మాత్రం ఈ నెలలోనే కట్టాలి. గడువు ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఐదేళ్లు వరసగా క్లెయిమ్ లేకపోతే అది ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతం. మీ చేతిలో ఇంకా నెల ఉంది. గడువు దాటింది కాబట్టి ముందు బండిని ఇన్‌స్పెక్షన్ చేస్తారు. ‘పెద్దగా తీయడం లేదు’ అంటే అప్పుడప్పుడూ తీస్తున్నట్టే కదా. ఇన్సూరెన్సు లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా రూ.2,000. అది చిన్న నష్టం. బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరికైనా తగిలి ప్రాణం మీదికి వస్తే, ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది, మొత్తం మీ జేబు నుంచే కట్టాలి. ఆ భారం మోసే థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ రేటు ప్రకారం మీ సైజు కారుకు రూ.3,416, జీఎస్టీ అదనం. మీరు ఆదా చేశాననుకున్నది దీన్నే.

జీతంలోంచి ఖర్చులు పోగా నెలకు రూ.8,000 మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు, ముందు అది వెతకండి. ఈ నెల ఇన్సూరెన్సుకు పెట్టండి. వచ్చే నెల నుంచి రూ.7,000 కార్డుకు, రూ.1,000 విడి ఖాతాలోకి. కార్డు మళ్లీ గీకకపోతే ఏడో నెలలో బాకీ తీరుతుంది. ఆ తర్వాత మొత్తం రూ.8,000 ఆ ఖాతాకే, మూడు నెలల ఖర్చు రూ.1,02,000 చేరేదాకా. ఉన్న ఆరు వేలు ముట్టుకోకండి. మ్యూచువల్ ఫండ్లు, చిట్టీలు ఆ తర్వాత చూద్దాం.

ఆ ఖాతాతో మీకు ఎంత త్వరగా పని పడుతుందో తెలియాలంటే టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. మీవి బండితో వచ్చిన టైర్లే అయితే నాలుగూ మార్చే రోజు దగ్గర్లోనే ఉంది, బ్యాటరీ సరేసరి. ఆ బిల్లు కూడా కార్డుకే ఎక్కితే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. పానాల సెట్టు ఇంకా కార్ట్‌లోనే ఉంటే తీసేయండి. ఇన్‌స్పెక్షన్‌కు ఈ వారంలోనే ఫోన్ చేయండి.