అరిసెల కోసం గొలుసు తాకట్టు పెట్టొద్దమ్మా

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, జీతం 24,000. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మాతోనే ఉంటారు. పోయిన చలికాలం బట్టలకు 12,000, దుప్పట్లకు 6,000, కొన్న పిండివంటలకు 5,000, ఒంగోలు షికార్లకు 7,000 అయ్యాయి. నా గొలుసు నూటికి రూపాయి వడ్డీకి పెట్టి 30,000 తెచ్చాం. జులైలో చీటీ పాడి తీర్చాం. ఈ ఏడాది అత్తమ్మ దగ్గర బొంతలు కుట్టడం, అరిసెలు చేయడం నేర్చుకున్నాను. చుట్టుపక్కల వాళ్ళు అరిసెలు అమ్మమని అడుగుతున్నారు. కిలోకి సరుకులు 210 అవుతాయి, 400కి అమ్మొచ్చు. 80,000 గోల్డ్ లోన్ తీసుకుని పిండి మిషను, పెద్ద పొయ్యి, సామాన్లు కొననా? అత్తమ్మకు చలి ఎక్కువని మా ఆయన రూమ్ హీటర్ తెద్దామంటున్నారు. చేతిలో 11,000 ఉన్నాయి.

జవాబు: అమ్మా, ముందు లోన్ సంగతి. తీసుకోవద్దు. గొలుసు మీ మెడలోనే ఉండనివ్వండి. అరిసెలు మాత్రం తప్పకుండా అమ్మండి.

ఎందుకంటే, కిలోకి 190 మిగులుతుందని మీరు వేసుకున్న లెక్కలో గ్యాసు లేదు, డబ్బా లేదు, పాకం చెడి విరిగిపోయే అరిసెలు లేవు. వాటికి 40 తీసేస్తే 150. అందులోనే మీ ఇద్దరి కూలీ. 80,000కి నూటికి రూపాయి చొప్పున ఏడాదికి 9,600 వడ్డీ. అంటే 64 కిలోల అరిసెలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. పైగా అరిసెలకు గట్టిగా అడిగేది ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాకా. ఆ తర్వాత మిషను మూలన ఉంటుంది, వడ్డీ మాత్రం ఎండాకాలంలో కూడా నడుస్తుంది.

ఇంకొకటి ఆలోచించండి. అరిసెల్లో కష్టమైన పని పిండి పట్టడం కాదు కదా. బియ్యం నానబోసి తడి పిండి పట్టించడానికి ఊళ్ళో మర ఉంటుంది, కిలోకి ఇంతని తీసుకుంటారు. అసలు విద్య పాకం పట్టడంలో ఉంది. నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి, గట్టిపడకూడదు. ఆ చెయ్యి అత్తమ్మది. రోజుకు ఆమె ఎన్ని పాకాలు చూడగలరో అంతే మీ వ్యాపారం, ఎంత ఖరీదైన మిషను తెచ్చినా అది పెరగదు. అందుకే ఈ ఏడాది ఆర్డర్ల మీదే చేయండి. సగం డబ్బు ముందే తీసుకుంటే సరుకులకు చేతి డబ్బు పెట్టక్కర్లేదు. దగ్గరవాళ్ళని అడగడానికి మొహమాటం ఉంటుంది, తెలుసు. అయినా అడగండి. ప్రతి ఆర్డరూ నోటుబుక్కులో రాయండి. ఇంటి గ్యాస్ సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు కాబట్టి పెరట్లో కట్టెల పొయ్యి మీద చేయండి. అమ్మకం మొదలుపెట్టే ముందే ఆహార భద్రత విభాగంలో చిన్న అమ్మకందారుగా నమోదు చేయించుకోండి. దాని రుసుము తక్కువే.

బొంతలు మాత్రం అమ్మకానికి వద్దు. నాలుగైదు పాత నూలు చీరలు, మధ్యలో పాత పంచెలు, లుంగీలు పరిచి చేత్తో కుట్టే బొంతకు ఎన్ని సాయంత్రాలు పడతాయో మీకు తెలుసు. మార్కెట్లో దానికి వచ్చే ధరలో మీ కూలీ గిట్టదు. అదే బొంత మీ ఇంట్లో పోయిన ఏడాది 6,000 పెట్టి కొన్న దుప్పట్ల పని చేస్తుంది. దారానికి, అంచు గుడ్డకు 400 చాలు. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా వదలవు కాబట్టి, చీరలు రెండు మూడు మంచి ఎండలు చూశాకే కుట్టండి. తేమ ఉండగా కుడితే లోపల ముక్క వాసన పడుతుంది. ముందు మధ్యలో టాకాలు వేసి, తర్వాత అంచులకు రండి, ముడతలు పడవు. బూడిద గుమ్మడికాయ వడియాలకూ ఇదే మాట, మబ్బు చూసి పప్పు నానబెట్టొద్దు. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. నాయనమ్మ పాత చీర ఏదో, వాళ్ళమ్మ పెళ్ళినాటిది ఏదో చెప్పుకుంటూ సూదిలో దారం ఎక్కించడం ఆ వయసు వాళ్ళకు భలే ఇష్టం. ఒంగోలు మాల్‌లో 7,000 పోసినా ఆ సాయంత్రాలు దొరకవు. నేను ఇది డబ్బు మిగుల్చుకోవడానికి మాత్రమే చెప్పడం లేదు.

హీటర్ గురించి మీ ఆయనకు ఈ లెక్క చూపించండి. 2,000 వాట్ల హీటర్ రాత్రికి 4 గంటలు వేస్తే 8 యూనిట్లు, నెలకు 240. యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబు రేటు కూడా పెరుగుతుంది కాబట్టి, ఈ 240 మీ బిల్లులో అన్నిటికంటే ఖరీదైన యూనిట్లు అవుతాయి. మన వైపు చలికాలం రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. దానికి హీటర్ అక్కర్లేదు. పెద్దవాళ్ళకు చలి ఎక్కువగా మంచం కింద నుంచి వస్తుంది. నులక మంచమైతే మొదటి బొంత ఆమెకు కింద పరవండి, రెండోది పైన కప్పండి. తలుపు కింద సందుకు పాత గుడ్డలు చుట్టి గొట్టంలా కుట్టి పెట్టండి. పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టండి. కానీ గది మూసి కుంపటి మాత్రం పెట్టకండి, ఆ పొగలో ప్రాణాలు పోతాయి. అందరికీ లేని చలి ఆమె ఒక్కరికే వేస్తుంటే ఒకసారి డాక్టరుకు చూపించండి. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నా అలా వేస్తుంది. ఆ పరీక్షల డబ్బు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

ఈ చలికాలం చేతిలో ఉన్న 11,000 దాటొద్దు. బొంతలకు 400, ఇంటి పిండివంటలకు 2,400, అందరూ కలిసి కొత్తపట్నం బీచికి ఒక పూట వెళ్ళి రావడానికి 1,500, బట్టలకు 6,000. ఇంకా 700 ఉంటాయి, పండగ ముందు ఏదో ఒకటి తగులుతుంది. బట్టల్లో పిల్లలకు, అత్తమ్మకు మొదట తీయండి, మిగిలితే మీ ఇద్దరికీ. అరిసెల మీద వచ్చింది ఇందులో కలపొద్దు, విడిగా దాచండి.

వచ్చే ఏడాదికి 14,000 అనుకుందాం. మార్చిలో బ్యాంకులో 9 నెలల ఆర్డీ మొదలుపెట్టి నెలకు 1,550 కట్టండి. డిసెంబరులో వడ్డీతో కలిపి 14,000 దాటి చేతికొస్తుంది. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే కానీ అది 5 ఏళ్ళది, మూడేళ్ళు నిండకుండా మూయలేరు. పండగ ఖర్చుకు అది పనికిరాదు, పిల్లల చదువుకు వేరేగా ఆలోచిద్దాం. నెలకు 1,550 ఎక్కువని మీ ఆయన అంటే, మీ పక్క జిల్లా ఆడవాళ్ళ సంగతి చెప్పండి. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచాక, నెల్లూరు జిల్లాలో వాళ్ళు పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకుని రోజుకో రూపాయి దాచారు. సారా కొట్టుకు పోయే డబ్బే అలా ఇంట్లో నిలబడింది. మీ ఇంట్లో వడ్డీకి పోయేది నిలబడాలి.

చీటీ గురించి కూడా ఒక మాట. జులైలో మీరు పాడినప్పుడు ఎంత తగ్గించి పాడారో పాత కాగితంలో చూడండి. గొలుసు మీద కట్టిన దాదాపు 2,000 వడ్డీకి ఆ తగ్గింపు కూడా కలిపితే పోయిన పండగ అసలు ఖర్చు తెలుస్తుంది. కొత్త చీటీ వేసి ఉంటే దాన్ని చివరి నెలల దాకా ఉంచండి, మధ్యలో పాడొద్దు.