వీలునామా రాసిన రోజున నాన్న వెంటిలేటర్ మీద ఉన్నారు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. నాన్నకు తాత నుంచి వచ్చిన 18 ఎకరాల చేపల చెరువులు, సొంతంగా పెట్టిన రైసు మిల్లు, విజయవాడలో కొన్న ఇల్లు ఉన్నాయి. అమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన 4 ఎకరాలు ఉన్నాయి. అమ్మ 2021లో బాత్రూంలో పడి చనిపోయింది. నాన్నను 2023 అక్టోబర్ 9న ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చారు. ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టారు, 19న పోయారు. పోస్టుమార్టం లేకుండా తమ్ముడు ఆ రాత్రికే దహనం చేయించాడు. ఆస్తి కోసం తమ్ముడూ మరదలూ ఇద్దర్నీ పొట్టన పెట్టుకున్నారని ఊరంతా అంటోంది. 2025 జూన్‌లో, నాన్న 2023 అక్టోబర్ 12న రాశారంటూ ఒక వీలునామా చూపించి మొత్తం 18 ఎకరాలూ తన పేరుకు మార్పించుకున్నాడు. అది తెల్ల కాగితం మీద టైపు చేసి ఉంది, రిజిస్టరు కాలేదు, నాన్న వేలిముద్ర ఉంది. తమ్ముడి బావమరిది, మిల్లు గుమాస్తా సాక్షులు. అంతకుముందు ఏటా సంక్రాంతికి రెండు లక్షలు ముష్టి వేసినట్టు నా బ్యాంకులో వేసేవాడు. చెల్లెలు అమెరికాలో ఉంది. హత్య కేసు పెడితే తమ్ముడికి చిల్లిగవ్వ రాదంటున్నారు, నిజమేనా? నాన్న సంతకాలున్న ఖాళీ స్టాంపు కాగితాలు మేనమామ దగ్గర ఉన్నాయి. వాటి మీద అక్టోబర్ 16 తేదీతో ఇంకో వీలునామా రాయిద్దామంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు పంపిన మూడు పేజీల్లో రెండున్నర పేజీలు మరదలి గుణగణాలే. అవి కోర్టుకు అక్కర్లేదు. కేసు తేల్చేవి వేర్వేరు పేజీల్లో మీరు యథాలాపంగా రాసిన రెండు తేదీలు. 9వ తేదీ రాత్రి వెంటిలేటర్, 12న వీలునామా.

వీలునామా నిలబడాలంటే భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 ప్రకారం రాసిన మనిషి సంతకమో వేలిముద్రో ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు దాన్ని కళ్లారా చూసి ఉండాలి, లేదా అది తనదేనని ఆయన వాళ్లతో చెప్పి ఉండాలి. ఆపైన వాళ్లు ఆయన ఎదుట సంతకం చేయాలి. అన్నిటికంటే ముందు, ఏం రాస్తున్నారో తెలిసేంత తెలివి ఆయనకు ఉండాలి. ఇవన్నీ రుజువు చేసుకోవాల్సింది మీ తమ్ముడే. లబ్ధి పొందేవాడే దగ్గరుండి రాయించుకున్న వీలునామాలో అనుమానాలన్నీ తీర్చాల్సిన భారం అతని మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది, ఇప్పటికీ కోర్టులు అదే పాటిస్తున్నాయి. జీవితమంతా చెక్కుల మీద సంతకం పెట్టిన మిల్లు యజమాని చివరి కాగితం మీద వేలిముద్ర వేయడం ఒక్కటే చాలు, జడ్జి కళ్లద్దాలు సవరించుకోవడానికి.

గొంతులో గొట్టం వేసిన మనిషి మాట్లాడలేడు. గొట్టాన్ని తట్టుకోవడానికి మత్తుమందు కూడా ఎక్కిస్తుంటారు. ఐసీయూ చార్టులో గంట గంటకూ రోగి స్పృహను అంకెల్లో వేస్తారు: కళ్లు తెరిచినందుకు ఇన్ని, మాటకు ఇన్ని, కాళ్లూ చేతులూ కదిపినందుకు ఇన్ని. గొట్టం ఉన్నవాళ్లకు మాట దగ్గర అంకె వేయరు, ఇంగ్లిషులో ‘టి’ అని రాస్తారు. మీకు కావలసింది 12వ తేదీ చార్టు. దాంతోపాటు మత్తుమందు ఎంత ఎక్కించారో చెప్పే మందుల షీటు, నర్సుల నోట్సు, ఐసీయూ విజిటర్ల రిజిస్టరు కావాలి. బావమరిదీ గుమాస్తా ఆ రోజు లోపలికి వెళ్లినట్టు రిజిస్టర్లో లేకపోతే వాళ్లు సాక్షులెలా అయ్యారు? ఇంటి దగ్గరే రాశారు అంటారా, ఆయన ఇంట్లోనే లేరు.

ఇప్పుడు మిమ్మల్ని తిట్టాల్సిన చోటు. దావాకు పన్నెండేళ్ల గడువుంది కదా అని మీకెవరో చెప్పారు, మీరు నిశ్చింతగా కూర్చున్నారు. ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని వెళ్లగొట్టినట్టు తెలిసిన రోజు నుంచి వాటా అడగడానికి 12 ఏళ్లున్న మాట నిజమే. కేవలం ‘ఈ వీలునామా చెల్లదు’ అని డిక్లరేషన్ కోరితే మాత్రం మూడేళ్లే. ఆ గడువులు మీకు దాటలేదు. ఆసుపత్రి రికార్డుల గడువు అలా కాదు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాస్తే చాలు. 2026 అక్టోబర్ 9 దాటాక ఆ ఫైలు తుక్కు కింద వేసినా ఎవరూ తప్పు పట్టలేరు. ఆ తర్వాత మీ చేతిలో పన్నెండేళ్ల హక్కు ఉంటుంది, దాన్ని నిలబెట్టే కాగితం ఉండదు. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) మీద ఆర్డీవో దగ్గర అప్పీలుకు 60 రోజుల గడువుంటే అదీ పోగొట్టుకున్నారు. దాని గురించి పెద్దగా దిగులు అక్కర్లేదు, పాసుపుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదు, సివిల్ కోర్టు తీర్పును బట్టి అదీ మారుతుంది.

తమ్ముడికి లాయరు నోటీసు ఇప్పుడే పంపకండి. అందరూ మొదట చేసే పని అదే, మీ కేసులో మాత్రం కొంప ముంచేది కూడా అదే. నోటీసులో వెంటిలేటర్ మాట కనబడిందంటే అసలు వీలునామా ఇదీ అంటూ సెప్టెంబర్ తేదీతో ఇంకోటి పుట్టుకొస్తుంది. ముందు తహసీల్దారు కార్యాలయంలో మ్యుటేషన్ ఫైలుకు, అందులోని వీలునామా ప్రతితో సహా, సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు చేయండి. నాన్న మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేస్తే వారసురాలిగా మీకు ఆ కాపీ అడిగే హక్కుంది. కార్యాలయం ముద్ర పడిన కాపీ మీ చేతికొచ్చాక ఇక ఆ తేదీ కదలదు.

కాపీ అందిన మర్నాడే ఆసుపత్రికి వెళ్లండి. పూర్తి కేసు షీటు కావాలని, ఈ రికార్డును ధ్వంసం చేయవద్దని రాతపూర్వకంగా అడిగి, ఒక ప్రతి మీద ముద్ర వేయించుకోండి, ఇంకోటి రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జిమెంటుతో పంపండి. డిశ్చార్జి సమ్మరీ లాంటి రెండు పేజీలు చేతిలో పెడతారు, దాంతో సరిపెట్టుకోవద్దు. నిబంధన ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. కాకపోతే అటెండెంటుగా సంతకం పెట్టింది తమ్ముడు కాబట్టి మీకివ్వం అనొచ్చు. అప్పుడు దావా వేసి, కోర్టు ద్వారా రికార్డు తెప్పించమని అదే రోజు పిటిషన్ పెట్టాలి. నాన్నకు హెల్త్ ఇన్సూరెన్సు ఉండి క్యాష్‌లెస్ వాడి ఉంటే, ఆ కంపెనీ ఫైలులో కూడా చాలా కాగితాలు దొరుకుతాయి.

ఇంకొక్క జాగ్రత్త. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం, వీలునామా ఏదీ లేదు అని ధీమాగా ఉండకండి. వీలునామాలు సబ్‌రిజిస్ట్రారు దగ్గర మూడో పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీలో రావు. రాసిన మనిషి పోయాక ఆ పుస్తకంలో కాపీ ఎవరు అడిగినా ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం పట్టుకెళ్లి వెతికించండి. నాన్న ఆరోగ్యంగా ఉన్నప్పుడు రిజిస్టరు చేయించిన పాత వీలునామా ఒకటి బయటపడితే మొత్తం లెక్క మారిపోతుంది.

ఇక మీ మేనమామ ఆలోచన. ఆ కాగితాల వైపు కన్నెత్తి కూడా చూడకండి. వీలునామా ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338 కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది. నిజమైన సంతకం మీద పైన రాత నింపడం కూడా ఫోర్జరీయే. ప్రతి స్టాంపు కాగితం వెనక అమ్మిన తేదీ, వరుస నంబరు, కొన్నవారి పేరు ఉంటాయి. వెండరు రిజిస్టరు తెప్పిస్తే ఎప్పుడు ఎందుకు కొన్నారో బయటపడుతుంది. అసలు వీలునామాకు స్టాంపు కాగితమే అక్కర్లేదు. పైగా 16వ తేదీ వేస్తారట! 12న వెంటిలేటర్ మీద ఉన్న మనిషి వేలిముద్ర వేయలేడని వాదించే మీరు, అదే వెంటిలేటర్ మీద నాలుగు రోజుల తర్వాత ఆయన చక్కగా సంతకం చేశారని చూపిస్తారా? తమ్ముడి లాయరు ఇంకేమీ చేయక్కర్లేదు.

హత్య సంగతి. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 25 ప్రకారం హంతకుడికీ హత్యకు తోడ్పడినవాడికీ చంపబడిన వ్యక్తి ఆస్తి దక్కదు, అంతవరకు మీకు చెప్పింది సరే. అయితే కేసు పెట్టడం వేరు, హత్య రుజువు కావడం వేరు. దేహం లేదు, పోస్టుమార్టం లేదు, ‘ఊరంతా అంటోంది’ అన్నది సాక్ష్యం కాదు. హత్యకు కాలపరిమితి లేదు కాబట్టి ఈ వారమే స్టేషనుకు పరుగెత్తాల్సిన పనీ లేదు. ముందు ఆ కేసు షీటు చూడండి. పురుగుమందు అనుమానం వచ్చి ఉంటే డాక్టర్లు కోలినెస్టరేజ్ అనే రక్తపరీక్ష చేయించి ఉంటారు, విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చి ఉంటారు, పోలీసులకు ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) ఇంటిమేషన్ పంపి ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనబడినా అప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 కింద ఫిర్యాదు ఇవ్వండి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి, అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు. అమ్మ విషయంలోనూ అంతే, తలకు దెబ్బతో ఏ ఆసుపత్రికైనా తీసుకెళ్లి ఉంటే అక్కడి ఎమ్మెల్సీ రిజిస్టరు చూడాలి. ఏమీ దొరక్కుండా తమ్ముడి పేరు పెట్టి హత్యారోపణ చేస్తే, అబద్ధపు కేసు అని ఎదురు కేసు వస్తుంది, సివిల్ దావాలో మీ మాటకున్న విలువ కూడా పోతుంది.

వాటాల దగ్గర మీరు గమనించనిది ఒకటుంది. చెరువులు పిత్రార్జితమైతే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పుల వల్ల మీరిద్దరు ఆడపిల్లలూ పుట్టుకతోనే హక్కుదారులు. నాన్న, తమ్ముడు, మీరిద్దరు కలిసి నాలుగు వాటాలు, ఒక్కొక్కరికి నాలుగున్నర ఎకరాలు. నాన్న వీలునామాలో రాయగలిగింది తన నాలుగున్నర మాత్రమే. అంటే వీలునామా నిజమైనదే అయినా తమ్ముడికి వచ్చేది 9 ఎకరాలు, 18 కాదు. వీలునామా పడిపోతే ముగ్గురికీ ఆరేసి. మిల్లూ ఇల్లూ నాన్న స్వార్జితం కాబట్టి అక్కడ వీలునామా నిలిస్తే మీకు సున్నా, పడిపోతే మూడో వంతు.

కానీ తాత ఎప్పుడు పోయారో, చెరువులు నాన్నకు ఏ రూపంలో వచ్చాయో మీరు రాయలేదు. పాత కుటుంబ పంపకాల్లో వచ్చి ఉంటే పిత్రార్జితం. 1956 తర్వాత పోయిన తాత సొంత సంపాదన వారసత్వంగా వచ్చి ఉంటే అది నాన్న సొంత ఆస్తి కిందే లెక్క, అప్పుడు పై నాలుగు వాటాల లెక్క వర్తించదు. పాత దస్తావేజులు, అడంగళ్లు వెతకండి. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టర్డ్ పంపకం ఏదైనా జరిగి ఉంటే దాన్ని కూడా కదిలించలేరు.

అమ్మ నాలుగు ఎకరాల మాట మీరు అడగనే లేదు. ఆమె వీలునామా రాయకపోతే 2021లోనే నాన్నకూ మీ ముగ్గురికీ తలా ఎకరం వచ్చేసింది. నాన్న వీలునామా మీ ఎకరాన్ని ముట్టుకోలేదు.

దావా పంపకానికి వేయండి, వీలునామా మీ వాటాను కట్టడి చేయదని అందులోనే కోరండి, అమ్మకాలు ఆపమని ఇంజంక్షన్ పిటిషన్ జతచేయండి. ‘ముష్టి’ అని మీరు రాసిన ఆ రెండు లక్షల బ్యాంకు స్టేట్‌మెంట్లు పదిలంగా తీసి పెట్టుకోండి. ఉమ్మడి ఆదాయంలో మీ వాటా అందుతూ వచ్చిందని చూపగలిగితే మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టు, కోర్టు ఫీజు స్థిరమైన చిన్న మొత్తంతో పోతుంది. లేకపోతే వాటా విలువ మీద కట్టాలి, చెరువులు, మిల్లు, విజయవాడ ఇల్లు కలిపితే అది లక్షల్లో ఉంటుంది. చెల్లెల్ని తప్పనిసరిగా దావాలో చేర్చాలి, లేకపోతే పార్టీలు సరిగా లేరని అక్కడే ఆగిపోతుంది. వాదిగా కలుస్తానంటే అమెరికాలో నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పవరాఫ్ అటార్నీ పంపమనండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, దాన్ని బీరువాలో పెట్టి మర్చిపోవద్దు.