వేళ్లు నెమ్మదా, ఇయర్‌ఫోన్లు నెమ్మదా?

ప్రశ్న: ఏడాదిన్నరగా ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్నాను. బ్లూస్ లీడ్ అంటే ప్రాణం. గిటార్‌ని ఫోన్‌కి కలిపి, ఆంప్ (యాంప్లిఫైయర్) యాప్ పెట్టుకుని, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వింటూ వాయిస్తాను. నెమ్మదిగా వాయిస్తే పర్వాలేదు, స్పీడ్ పెంచగానే అంతా తడబడిపోతోంది. వేళ్ల స్పీడ్ పెంచే మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి. (విజయవాడ నుంచి ఓ ఇంజినీరింగ్ విద్యార్థి)

యాప్ సంగతి తర్వాత, ముందు ఆ ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టండి. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) బీట్‌కి నాలుగు స్వరాలు వాయిస్తే సెకనుకి ఎనిమిది, అంటే ఒక్కో స్వరానికి 125 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం చెవికి చేరడానికే 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మీరు మూడో స్వరం మీటే టైముకి మీకు వినిపించేది ఇంకా మొదటిదే! అలాంటప్పుడు ఎవరి వేళ్లయినా తడబడతాయి, ఇందులో మీ తప్పేం లేదు. సినిమా చూసేటప్పుడు ఈ తేడా ఎందుకు తెలియదంటే, ప్లేయర్ బొమ్మని కూడా అంతే ఆలస్యం చేసి శబ్దంతో కలిపేస్తుంది. మీ చేతిని ఆలస్యం చెయ్యడం ఏ ప్లేయర్ వల్లా కాదు కదా. గేమింగ్ మోడ్ పెడితే ఆలస్యం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

కాబట్టి వైరున్న ఇయర్‌ఫోన్లు వాడండి, లేదంటే చిన్న ప్రాక్టీస్ ఆంప్ కొనుక్కోండి. ల్యాప్‌టాప్ ఉంటే గిటార్‌ని దానికి కలిపే ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకుని, విండోస్‌లో ఆ కంపెనీవాళ్లిచ్చే ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసి, బఫర్ 128 శాంపిల్స్ దగ్గర పెట్టండి. రానూపోనూ కలిపి ఆలస్యం పది మిల్లీసెకన్ల చుట్టుపక్కలకి దిగుతుంది. ఆంప్‌కి పదకొండు అడుగుల దూరంలో నిలబడి వాయిస్తే గాలిలో శబ్దం రావడానికి పట్టే టైమ్ అంతే, దానికి చెవి ఇట్టే అలవాటు పడిపోతుంది.

ఇక యాప్. వేళ్ల స్పీడ్ పెంచే యాప్ అంటూ ఏదీ లేదు, అలా చెప్పి డబ్బు అడిగేవాటికి కట్టకండి. మీకు కావలసింది ఒక మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని బీట్ కొట్టేది), ఒక ట్యూనర్, ఫోన్‌లో ఎలాగూ ఉండే వాయిస్ రికార్డర్, కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్. ఆడాసిటీకి పైసా కట్టక్కర్లేదు. నేను దాన్ని వాడే పద్ధతి చెప్తాను. 90 బీపీఎంలో బీట్‌కి మూడు స్వరాల చొప్పున ఒక చిన్న లిక్ (స్వరాల ముక్క) వాయించి రికార్డ్ చేసి, ఫైల్‌ని ఆడాసిటీలో తెరిచి జూమ్ చేస్తే, పిక్ (తీగ మీటే బిళ్ల) తగిలిన ప్రతిచోటా ఒక ముల్లు లేచి కనిపిస్తుంది. ముల్లుకీ ముల్లుకీ మధ్య 222 మిల్లీసెకన్లు ఉండాలి. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు అన్నీ దాదాపు సరిగానే ఉన్నాయి, బెండ్ (తీగని నెట్టి శ్రుతి పెంచడం) తర్వాత వచ్చే స్వరం ఒక్కటే ప్రతిసారీ వెనకబడుతోంది. నెలల తరబడి మొత్తం లిక్కే స్లో అనుకున్నాను, తీరా చూస్తే కష్టమంతా ఆ ఒక్క సందులోనే ఉంది! ఉంగరం వేలితో తీగని నెట్టేటప్పుడు వెనక మిగతా రెండు వేళ్లూ సాయం పట్టకపోవడంతో, ఆ వేలు తేరుకుని తర్వాతి ఫ్రెట్‌కి వెళ్లేసరికి లేటయ్యేది. ఆ రెండు స్వరాలనే పట్టుకుని వారం రోజులు సాధన చేస్తే మిగతాదంతా దానంతటదే కుదిరింది.

టెంపో కూడా ఒకేసారి పెంచకండి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి సరళి వరుసలు మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని రెట్టింపు చేసుకుంటూ పోవడం అలవాటు. గిటార్ మీద మాత్రం 60తో మొదలుపెట్టి, తప్పు లేకుండా మూడుసార్లు వస్తేనే నాలుగు బీపీఎం పెంచండి, తడబడితే ఎనిమిది తగ్గించండి. చెయ్యి బిగుసుకుపోతే ఆ రోజుకి చాలు.

ప్రశ్న: పాత బ్లూస్ సోలోలు చెవితో పట్టుకోవాలని ఉంది. సగం స్పీడ్‌లో పెడితే అంతా నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటోంది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? (హైదరాబాద్ నుంచి)

ఒకప్పుడు ఎల్పీ రికార్డుల్ని 33 స్పీడ్ నుంచి 16కి దించి నేర్చుకునేవాళ్లు. స్పీడ్ సగమైతే శ్రుతి కూడా సరిగ్గా ఒక స్థాయి కిందికి పోయేది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ శ్రుతి మార్చకుండా స్పీడ్ తగ్గిస్తుంది, అందుకు శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి ఒకదానిమీద ఒకటి అతికిస్తుంది. బాగా సాగదీస్తే పిక్ తగిలిన చోటు అలుక్కుపోతుంది, మీరు చెప్పే నీళ్ల శబ్దం అదే. 70 శాతం దగ్గర ఆగండి, చాలామటుకు అంతకన్నా తగ్గించే అవసరం రాదు. ఆడాసిటీలో చేంజ్ టెంపోకి వెళ్లి మైనస్ 30 ఇస్తే సరిపోతుంది. డబ్బు పెట్టగలిగితే ట్రాన్‌స్క్రైబ్ అనే ప్రోగ్రామ్ ఈ పని కోసమే పుట్టింది, రెండు సెకన్ల ముక్కని గుర్తు పెట్టుకుని ఎన్నిసార్లైనా తిప్పి వినొచ్చు.

వినేటప్పుడు స్వరాల లెక్కకన్నా బెండ్ ఎక్కడికి చేరుతోందో వినండి. ఎ మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్ అంటే, ఎ స్వరాన్ని షడ్జమం అనుకుంటే, మన శుద్ధ ధన్యాసి రాగం స్వరాలే: స, గ, మ, ప, ని. మకీ పకీ మధ్యలోకి ప్రతి మధ్యమం వచ్చి చేరితే అదే బ్లూస్ స్కేల్. మూడో తీగ ఏడో ఫ్రెట్‌లో మ ఉంటుంది, దాన్ని పైకి నెట్టి ప దాకా తీసుకెళ్లాలి. రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో అదే ప దొరుకుతుంది, ముందు అది మీటి విని, తర్వాత బెండ్ చేసి ట్యూనర్‌లో ముల్లు ఎక్కడ ఆగిందో చూడండి. కొత్తవాళ్లలో చాలామందికి కొంచెం కిందే ఆగిపోతుంది. ఇది సరిచేసుకోకుండా స్పీడ్‌కి పోతే ఎంత వేగంగా వాయించినా బ్లూస్‌లా వినిపించదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ప్రశ్న: బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ రికార్డులతో కలిపి వాయిస్తే ప్రతి స్వరం అర మెట్టు తేడాగా ఉంటోంది. ట్యూనర్ యాప్ పాడైందా? (వైజాగ్ నుంచి)

యాప్ బాగానే ఉంది. ఆయన గిటార్‌ని అర మెట్టు కిందికి శ్రుతి చేసుకునేవాడు. మీ ఆరు తీగల్నీ అంతే దించండి, లేదా ఆడాసిటీలో చేంజ్ పిచ్‌తో పాటని ఒక సెమీటోన్ (అర మెట్టు) పైకి జరపండి. నేనైతే తీగలే దించమంటాను, వదులైతే బెండ్లు కూడా సులువుగా వస్తాయి. అన్నట్టు, ఆయన వాడాడని 13 గేజ్ లావు తీగలు మాత్రం కొనకండి. 9 గానీ 10 గానీ వేసుకోండి, వేళ్లు నొప్పెట్టకుండా ఇంకో అరగంట ఎక్కువ వాయించుకోవచ్చు.