తలుపుకు తాళం ఏస్తే దావా ఆగుతదా?

ప్రశ్న: వకీలు సారుకు నమస్తే. మాది నర్సంపేట దిక్కు పల్లె. మా ఊరాయనే, ఇప్పుడు హన్మకొండల ఉంటుండు, మిర్చి యాపారానికని నా దగ్గర ప్రామిసరీ నోటు మీద 2 లక్షల 40 వేలు తీసుకుండు. తిరిగి తిరిగి చెప్పులరిగినయి గాని పైసలు రాలె, ఇగ దావా ఏసిన. సమన్లు పట్టుకొని అమీనా (కాయితాలిచ్చే కోర్టు మనిషి) రెండుసార్లు పోయిండు. మొదటిసారి తాళం ఉందట, రెండోసారి వాళ్ళింటామె ‘మేడారం పోయిండు, ఎప్పుడొస్తడో తెల్వది’ అన్నదట, అదే రాసి వాపస్ ఇచ్చిండు. పోస్టుల పంపింది గూడ ‘డోర్ లాక్డ్’ అని తిరిగొచ్చింది. ఆయనేమో పొద్దుగూకితే చౌరస్తాల చాయ్ తాగుకుంట వాట్సాప్‌ల స్టేటస్‌లు పెడుతుండు. కాయితం ముట్టకపోతే కేసే నడవదని ఎవరో చెప్పిండ్రట ఆయనకు. నేనే పోయి తలుపుకు అంటించి ఫొటో తీసుకోవాల్నా?

జవాబు: తమ్మీ, నువ్వైతే అంటించకు, అది కోర్టు లెక్కల రాదు, పైగా ఇంటి మీదికొచ్చి గొడవ చేసిండని వాళ్ళే ఉల్టా కేసు పెడ్తరు. మేడారం జాతర రెండేండ్లకోసారి, ఈయనకేమో అమీనా వచ్చినప్పుడల్లా జాతరే ఉన్నట్టుంది.

అయితే ఆ ఇంటామె అన్న మాట నీకు మంచిదే, నువ్వు గమనించలే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ల ఆర్డర్ 5, రూల్ 15 ఏమంటదంటే, మనిషి ఇంట్ల లేడు, తొందర్ల దొరికేటట్టు గూడ లేడు అన్నప్పుడు ఆయనతో కలిసి ఉండే, మైనారిటీ తీరిన కుటుంబ మనిషికి సమన్లు ఇయ్యొచ్చు. పనిమనిషికి ఇస్తే చెల్లదు, పిల్లలకిస్తే చెల్లదు, పెండ్లానికిస్తే చెల్లుతది. 1976 సవరణకు ముందు ఇంట్ల మగోళ్ళకే ఇయ్యాలని ఉండె, ఇప్పుడు ఆ తేడా లేదు. అంటే ‘ఎప్పుడొస్తడో తెల్వది’ అని ఆమె అన్నప్పుడే అమీనా ఆమె చేతిల పెట్టి సంతకం అడగాల్సింది, సంతకం పెట్టనంటే రూల్ 17 కింద అదే తలుపుకు ఒక కాపీ అంటించి, ఇల్లు చూపించినోళ్ళు ఎవరు, చూసినోళ్ళు ఎవరు అని పేర్లతో సహా రిపోర్టు రాయాల్సింది. ఉత్తగ ‘లేడు’ అని రాసి తెస్తే జడ్జి గారు ఏం చేస్తరు, మళ్ళ వాయిదా ఏస్తరు.

అందుకని ఈసారి మీ వకీలుతోని బత్తా (సమన్లు పంపే ఖర్చు) కట్టించి కొత్త సమన్లు తీయించు, ఆలస్యం చెయ్యకు, వాపస్ వచ్చినంక 7 రోజుల్ల అడగకపోతే దావా కొట్టేసే రూల్ గూడ ఉంది. అమీనాతోని ఇల్లు చూపెట్టే మనిషిని పంపు. రూల్ 9ఎ కింద కోర్టు పర్మిషన్ తోని సమన్లు నువ్వే తీసుకపోయి ఇచ్చే దారి గూడ ఉంది, గాని పాత కోపాలున్న చోట నేనైతే వద్దంట.

పోస్టు సంగతి వేరే. కవర్ మీద ‘రెఫ్యూజ్డ్’ అని రాసొస్తే ముట్టినట్టే అని కోర్టు ప్రకటిస్తది. ‘డోర్ లాక్డ్’ అంత తేలిగ్గాదు, ఆ అడ్రసుల ఆయన ఉంటున్నది నిజమే అని నువ్వు చూపియ్యాలె, ఆధార్‌ల అడ్రసు, కరెంటు బిల్లు, ఏది దొరికితే అది.

ఇవన్నీ అయినంక గూడ తప్పించుకుంటుంటే రూల్ 20 కింద పిటిషన్ ఎయ్యాలె. కావాలనే దాక్కుంటుండని జడ్జి గారికి నమ్మకం కుదిరితే కోర్టుల ఒక కాపీ, ఇంటికి ఒక కాపీ అంటించుమంటరు, లేకపోతే పేపర్ల ప్రకటన ఎయ్యిమంటరు. ఆ పేపర్ ఆయనుండే ఏరియాల తిరిగే దినపత్రికే కావాలె. అప్పుడు చేతికిచ్చినట్టే లెక్క, ఆయన రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే ఆయన లేకున్నా కేసు నడుస్తది.

కాని తొందరపడకు. ఎక్స్‌పార్టీ డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వచ్చిందని స్వీట్లు పంచిన క్లయింట్లను చూసిన నేను, నువ్వు ఈపీ (డిక్రీ అమలు చెయ్యమనే పిటిషన్) ఏసి జప్తుకు పోయే టైంకు ఆయన లేచొచ్చి ‘నాకసలు తెల్వదు’ అంటడు. పేపర్ ప్రకటన కేసుల్ల డిక్రీ కొట్టెయ్యమని అడిగే 30 రోజుల గడువును, ఆయనకు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచే లెక్కేస్తరు. ఇక్కడ నీకు ఆ వాట్సాప్ పనికొస్తది. దావా నంబరు, కోర్టు, వాయిదా తేదీ మర్యాదగ ఒక మెసేజ్ పెట్టు, తిట్లు రాయకు. అది సమన్లు కాదు, కాని వాయిదా తేదీ ఆయనకు ముందే తెలుసు, వచ్చే టైం గూడ ఉండె అని తేలితే సమన్లల్ల చిన్న లోపం పట్టుకొని డిక్రీ కొట్టేయించుకునుడు కష్టం.

ప్రశ్న: సారూ, మాది పరకాల. మా తలుపుకు కోర్టు కాయితం అంటిస్తే మా ఆయన కోపంల చింపి పారేసిండు. ఇప్పుడేమైతది?

జవాబు: కాయితం చిరిగింది గాని వాయిదా చిరగలేదమ్మా. చించే ముందు ఎవరన్న ఫొటో తీసిండ్రేమో అడుగు, లేకపోతే ఏ కోర్టో కనుక్కొని వకీలును పెట్టుకో. సమన్లు ముట్టిన కాడ నుంచి 30 రోజుల్ల జవాబు దాఖలు చెయ్యాలె, కారణం చెప్తే కోర్టు 90 రోజుల దాక ఒప్పుకోవచ్చు. మీ ఆయనను వాయిదా నాడు తప్పకుండ తోల్కపో.